బొంతకుట్టు - ఆత్మానందము

సంస్కృతమున కంథ యనబడునదియే మన బొంత. ప్రాతచీరలను కొన్ని పొరలుగా పఱచి, పైని రంగురంగుల గుడ్డపేలికలను పొదిగి, వరుసవరుసగా దారముతో కుట్టినచో బొంత యగును. దీనిని పేదఱికమునకు గుర్తుగా నెంచి సిగ్గుపడువారు గలరు. దిల్‌సుఖ్‌నగరు అంగళ్లలో మిల్లు దుప్పట్లు కావలసినన్ని దొరకుచుండగా, ఎల్.బి. నగరు మేడలలో నొక యిల్లాలు సూది చేతబట్టి నెలలకొలది బొంత కుట్టుట వృథాశ్రమ కాదా యని యడుగవచ్చును.

ఈ ప్రశ్నకు సమాధానము వెలలెక్కలలో దొరకదు. ఇల్లాలి దినములో నధికభాగ మొరుల యిచ్ఛకు లోబడినది. వంట యింటివారి రుచిని బట్టియు, నిద్ర బిడ్డ యేడ్పును బట్టియు, ఉద్యోగినియైనచో ప్రయాణము మెట్రోబండి వేళను బట్టియు జరుగును. ఎఱ్ఱముక్క ప్రక్కను పచ్చముక్క యుంచవలెనా, నీలిముక్క యుంచవలెనా యనుచోట మాత్ర మామెను శాసించువారు లేరు. ఆ యెన్నిక చిన్నదే; కాని యది యామెది. ఆనందమునకు మూల మదియే.

నల్లగొండ జిల్లా తండాలలోని లంబాడీ స్త్రీలు తమ రవికలపై అద్దపుబిళ్లలు కుట్టుదురు. మేను గప్పుటకు అద్దము లేల? అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ పల్లెయందు, బానిసల సంతతివారగు నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టిరి. అవి 2002లో హ్యూస్టన్, న్యూయార్కు చిత్రశాలలలో ప్రదర్శింపబడెను. 2006లో తపాలాబిళ్లలపై ముద్రింపబడెను. వారు చలికై కుట్టిరి. చలి నాపుటకు రంగుల పొందిక యక్కఱలేదు గదా! అక్కఱకు మించిన యా పొందికలోనే కుట్టినవారి మనస్సు కనబడుచున్నది.

ఐనను ఈ యానందమును సాకుగా చూపి, స్త్రీలకు విద్యయు నుద్యోగమును ఆస్తిహక్కును వలదనుట కపటము. చేతికి సూది నిచ్చుట వేఱు, సూదికి చేతిని గట్టివేయుట వేఱు. కూలికి కుట్టినవారికి తగిన వెల యీయక, ఆనందమే ఫలము గదా యనుటయు నన్యాయమే. తనకై కుట్టుకొనుటకు తీఱిక గావలెను. ఇంటిపనిలో పురుషుడు పాలుపంచుకొననిదే యా తీఱిక లభింపదు.

కావున చదువరులారా! కూతునకువలెనే కుమారునకును కుట్టు నేర్పుడు. మీ యింట పాతబొంత యున్నచో పాఱవేయకుడు. దానిని కుట్టిన తల్లియో యవ్వయో జీవించియున్నచో, ఏ ముక్క నెందు కెక్కడ నుంచితివని యడుగుడు. ఇంతవఱకు ఎవ్వరును అడుగని ప్రశ్నకు ఆమె చెప్పు సమాధానము వినదగినది.