ఉమ్మెత్త ఆకు: స్వామికి అర్పణ, మనకు హెచ్చరిక



చవితినాడు స్వామిని ఇరవై ఒక్క పత్రులతో పూజించడం మన ఆచారం. మన ఊళ్ళలో పత్రి బజారులో దొరుకుతుంది. ఈ దేశంలో మనమే పెరళ్ళలో, రోడ్ల పక్కన వెతికి తెచ్చుకుంటాం. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వం, గరికల తరువాత ఐదవది దత్తూర పత్రం, అంటే ఉమ్మెత్త. అది సమర్పించేటప్పుడు స్వామిని హరసూనుడు, అంటే శివుని కుమారుడు అని పిలుస్తాం. తండ్రికి ప్రీతి అయిన ఆకును తండ్రి పేరు చెప్పి కుమారునికి ఇస్తున్నామన్నమాట.

కిందటి ఏడు పూజ అయ్యాక ఒక పాప మమ్మల్ని అడిగింది: "అంకుల్, ఈ ఆకు పాయిజన్ కదా! దేవుడికి ఎందుకు పెడుతున్నాం?" పెద్దలం చాలామందిమి అడగని ప్రశ్న అది.

ఉమ్మెత్తను సంస్కృతంలో ఉన్మత్తం అని కూడా అంటారు. గుణం పేరులోనే ఉంది. ధత్తూరం అన్న మరో పేరే శాస్త్రజ్ఞుల నోట 'డటూరా' అయింది. దీని జాతి మొక్కే ఈ దేశంలో జిమ్సన్ వీడ్. 1676లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో తిరుగుబాటు అణచడానికి వచ్చిన సైనికులు ఈ ఆకు కూర వండుకు తిని పదకొండు రోజులు మతి తప్పి తిరిగారనీ, తేరుకున్నాక వారికేమీ గుర్తులేదనీ 1705లో అచ్చయిన వర్జీనియా చరిత్రలో ఉంది. ఆ ఊరి పేరే మొక్కకు స్థిరపడింది. పాత కథ అనుకోవద్దు. 2008లో మేరీలాండ్‌లో ఒక కుటుంబంలో ఆరుగురు ఈ ఆకు కలిసిన కూర తిని ఆసుపత్రి పాలయ్యారు.

ఇందులోని అట్రోపిన్, స్కోపలమైన్ అనే పదార్థాలు నరాలు పంపే ఒక ముఖ్యమైన సంకేతాన్ని అడ్డుకుంటాయి. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, ఒళ్ళు కాలిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది, మూత్రం బిగుస్తుంది. తరువాత మనసు చెదురుతుంది. సరదాకు గింజలు తిన్న ఒక కుర్రవాడిని మేము ఎమర్జెన్సీలో చూశాం. గదిలో లేని మనిషితో మాట్లాడుతూ, గాలిలో దారాలు ఏరుతున్నాడు. ఎదురుగా ఉన్న తల్లిని గుర్తుపట్టలేదు. ఆమె రాత్రంతా వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మర్నాటికి వాడికేమీ గుర్తులేదు, ఆమెకు అన్నీ గుర్తున్నాయి. ఒక్కొక్క మొక్కలో విషం ఒక్కొక్క మోతాదులో ఉంటుంది. కనుక "కొంచెం తింటే ఏం కాదు" అన్న మాట ఇక్కడ చెల్లదు.

మరి ఈ విషంలో మేలు లేదా? ఉంది. పురుగుల మందు తాగినవారిని మన గుంటూరు, వరంగల్ ఆసుపత్రులలో బతికించే ఇంజెక్షన్ అట్రోపినే. ఆ మందు వల్ల ఏ సంకేతం శరీరంలో హద్దు మీరుతుందో, దాన్నే ఇది అడ్డుకుంటుంది. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి పందొమ్మిదవ శతాబ్ది మొదట్లో మద్రాసులోని ఇంగ్లీషు వైద్యుల ద్వారా ఇంగ్లండు చేరింది. నేటి ఇప్రట్రోపియం ఇన్‌హేలర్ అట్రోపిన్ నుంచి తయారైనదే. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనుక అంటించుకునే పట్టీలో ఉండేది స్కోపలమైన్. పిల్లల హ్రస్వదృష్టి పెరగకుండా అతి పలుచని అట్రోపిన్ చుక్కలు వేసి సింగపూరులో పరిశోధనలు జరిగాయి. తూకం తెలిసిన చేతిలో మందు, తెలియని చేతిలో మృత్యువు.

ఇక పాప ప్రశ్నకు జవాబు. నైవేద్యం పెట్టినది ప్రసాదంగా తిరిగి తీసుకుంటాం. పత్రిని మాత్రం స్వామితోపాటే నీటిలో వదిలేస్తాం. అంటే ఇచ్చి పుచ్చుకునేవి కొన్ని, ఇచ్చి వదిలేయవలసినవి కొన్ని. ఉన్మత్తమనే ఆకుతోపాటు మనలోని మత్తు, మదం, భ్రమ కూడా అక్కడే వదలాలి. "శివుడికి ఇష్టమైనదే కదా, మనం తింటే తప్పేమిటి?" అనే యువకులున్నారు. నాయనలారా, హాలాహలాన్ని ఆయన మింగలేదు, కక్కలేదు, లోకం కోసం కంఠంలో నిలిపాడు. ఆ నిగ్రహం నీలకంఠునిది. మనం చేయవలసింది ఆ విషాన్ని ఆయనకే అప్పగించి నమస్కరించడం.

తల్లిదండ్రులకు ఒక మనవి. పత్రి పళ్ళేన్ని ప్రసాదం పళ్ళేనికి దూరంగా, పిల్లలకు అందకుండా ఉంచండి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ముట్టిన చేతులు కళ్ళకు తగలనీయక వెంటనే కడుక్కోండి. ఎవరైనా తిన్నారన్న అనుమానం వస్తే 1-800-222-1222కు ఫోన్ చేయండి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే ఆలస్యం చేయక 911 పిలవండి. ఆకు దొరకకపోతే బెంగ వద్దు, అక్షతలు సమర్పించండి. స్వామి చూసేది మన భక్తినే.

ఆ పాపకు ఈ జవాబే చెప్పాం. "అయితే నా కోపం కూడా ఇచ్చేయచ్చా?" అంది. ఇవ్వు తల్లీ, తిరిగి మాత్రం తీసుకోకు అన్నాం. మనందరికీ విఘ్నేశ్వరుడు ఆ బుద్ధినే ప్రసాదించుగాక!

శుభమస్తు.