నీటి తూనిక

కడలిపై పవళించిన కమలనాభా, జలరాశికి ఇంత ధర్మం ఎలా నేర్పావు! తన ఒడిలోకి వచ్చిన ప్రతి ఒంటికీ అది చోటిస్తుంది. ఆ చోటు నుంచి ఎంత నీరు పక్కకు తప్పుకుందో అంత బరువునూ తానే పైకెత్తి మోస్తుంది. తిమింగలానికీ అదే కొలత, చేపపిల్లకూ అదే కొలత, మహానౌకకూ ఎండుటాకుకూ అదే కొలత. 2,200 ఏళ్ల కిందట సిరక్యూస్‌లో ఆర్కిమెడిస్ దాన్ని గ్రహించి సూత్రంగా రాసిపెట్టాడు. ఆయన కనిపెట్టక ముందు కూడా ఏ అలా ఆ లెక్క తప్పలేదు.

అండమాన్‌లో స్వరాజ్ ద్వీపం పక్కన డైవింగ్‌కి దిగిన మనిషిని చూడు. వీపున సిలిండరు, గాలి నింపుకునే జాకెట్టు, ఒంటికి అతుక్కున్న వెట్‌సూటు, నడుముకు సీసం బిళ్లల బెల్టు. గట్టు మీద ఆ బరువుకు వంగి నడిచాడు. ఇప్పుడు జాకెట్టులో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి, కాళ్లు ఆడించకుండా నీటిలో నిలువుగా ఉన్నాడు. నీటిగీత మాస్కు అద్దం నడిమధ్య ఊగుతోంది: పైన ఎండ, కింద నీలాల లోకం. బిళ్లలు తక్కువైతే ఆ గీత గడ్డం దగ్గరే ఆగేది. ఎక్కువైతే నెత్తి దాటేది. తూకం కుదిరింది. దాని మీద ఇంకో రెండు కిలోల సీసం చేర్చుకున్నాడు, తిరిగి వచ్చే వేళ కోసం. ఊపిరి వదిలాడు. సముద్రం అతన్ని లోపలికి పిలుచుకుంది.

10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెండింతలు. వెట్‌సూటులో దాగిన సన్నని గాలిబుడగలు నలిగి చిక్కిపోతాయి, మనిషి బరువెక్కుతాడు. జాకెట్టులోకి కొంచెం గాలి ఒదగగానే మళ్లీ సరిసమానం. ఇక మునగడు, తేలడు. నీలిమలో నిలుస్తాడు. అప్పుడతన్ని నడిపేది ఊపిరే. అర లీటరు గాలి రొమ్ములో చేరితే అర కిలో బరువు తీరిపోయి దేహం లేస్తుంది. వెంటనే కాదు, ఒక్క క్షణం ఆగి, విన్నపం నీ పాదాల దాకా వెళ్లి అనుగ్రహమై తిరిగొచ్చినట్టు! ఊపిరి బిగబట్టడం అక్కడ నిషిద్ధం. పీల్చాలి, విడవాలి, ఆ లయలోనే లేవాలి, వాలాలి. కింద ఏడాదికి సుమారు సెంటీమీటరు చొప్పున పెరిగిన పగడపు గుండు. దాని మీదుగా, ఒక్క మొగ్గనూ తాకకుండా, ఆ మనిషి సాగిపోతాడు.

ఈ విద్య జలచరాలకు పుట్టుకతోనే ఇచ్చావు. ఒకదానికి కడుపులో గాలితిత్తి, సొరచేపకు నూనె నిండిన కాలేయం, నాటిలస్‌కు గదులు గదులుగా శంఖం. ఎన్ని ఉపాయాలు స్వామీ, ఒక్క తూకం కోసం! మందరగిరి కుంగిపోయిన నాడు నువ్వే తాబేలువై వీపు ఒగ్గావు కదా. కుంగేవాటి బాధ నీకు కొత్తా?

పైకి వస్తూ అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడు. పీల్చిన గాలి మేర సిలిండరు సుమారు రెండు కిలోలు తేలికైంది, ఇప్పుడది పైపైకి లాగుతోంది. మొదట చేర్చుకున్న సీసం ఇక్కడ అక్కరకొచ్చింది. మనిషి కదలక నిలిచాడు. చుట్టూ ఫ్యూసిలియర్ చేపల దండు వేలకొద్దీ ఒక్కసారిగా మలుపు తిరిగి పసుపూ నీలమూ జిగేల్మంది. జయ జయ కూర్మనాథా!