అచేతన కణానికి ప్రయోజనం ఉంటుందా?

నునుపు అంతర్జీవద్రవ్యజాలం కణం లోపల పొరలతో అల్లుకున్న గొట్టాల వల. దాని మీద రైబోజోములు ఉండవు. వృషణాల్లోని లేడిగ్ కణాల్లో అది టెస్టోస్టిరాన్ తయారీలో పాలుపంచుకుంటుంది. కండర కణంలో కాల్షియం అయాన్లను దాచి ఉంచి, నాడి సంకేతం అందగానే వదులుతుంది. కండరం సంకోచిస్తుంది, వెంటనే పొరలోని పంపులు వాటిని తిరిగి లోపలికి తోడేస్తాయి. కాలేయ కణంలో మందులను, విషాలను నీటిలో కరిగే రూపానికి తెస్తుంది. తెలివి లేని పొర ఇన్నిచోట్ల ఇన్ని ప్రయోజనాలు ఎలా నెరవేరుస్తోంది?

దర్శనాల్లో ఇది పాత వివాదమే. అచేతనమైన పాలు దూడ పెరుగుదల కోసం ప్రవహించినట్టే, జడమైన ప్రకృతి చేతనమైన పురుషుడి మోక్షం కోసం ప్రవర్తిస్తుందని ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక చెబుతుంది. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని ఒప్పుకోలేదు. ఆవు చేపడానికి దూడ మీది ప్రేమ, దూడ కుడవడం కారణాలనీ, చేతనం లేనిదే ఆ ప్రవాహం లేదనీ ఆయన వాదం.

కాలేయ కణం ఈ వాదానికి గట్టి పరీక్ష. మూర్ఛకు ఇచ్చే ఫినోబార్బిటాల్‌ను కొన్నాళ్లు వరసగా వాడితే అందులోని నునుపు జాలం విస్తరిస్తుంది, మందులను విచ్ఛిన్నం చేసే సైటోక్రోమ్ పీ450 ఎంజైములు పెరుగుతాయి. మందు ఆపేస్తే అదనపు పొరలను కణమే జీర్ణం చేసుకుంటుంది. అవసరం ఎరిగి చేసినట్టే ఉంటుంది గానీ, అక్కడ ఎరుక లేదు. మందు ప్రభావంతో కొన్ని జన్యువులు చురుకవుతాయి, అంతే.

ఒక వస్తువు ఏ ఫలితం వల్ల అక్కడ నిలిచి ఉందో ఆ ఫలితమే దాని ప్రయోజనమని 1973లో తత్త్వవేత్త లారీ రైట్ ప్రతిపాదించాడు. మొత్తం వ్యవస్థ సామర్థ్యానికి అది అందించే తోడ్పాటే ప్రయోజనమని 1975లో మరో తత్త్వవేత్త రాబర్ట్ కమ్మిన్స్ అన్నాడు. వీటిలో రైట్ మాటే బలమైనది, ఎందుకంటే పనికీ యాదృచ్ఛిక ఫలితానికీ తేడా అందులో తెలుస్తుంది. ఫినోబార్బిటాల్ వాడుకలోకి వచ్చింది 1912లో. ఈ ఎంజైములు మనిషి కంటే పాతవి, కాబట్టి ఆ మందును వదిలించడం వాటి ప్రయోజనం కాదు. ఆహారంతో లోపలికి చేరే పరాయి పదార్థాలను వదిలించినందుకే అవి తరతరాలుగా నిలిచాయి. ఇందుకు సాంఖ్యుల పురుషుడూ అక్కర్లేదు, ఆవు ప్రేమా అక్కర్లేదు.

అయినా శంకరుల అభ్యంతరం పూర్తిగా వీగిపోదు. విస్తరించిన జాలం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌ను కూడా త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది. మామూలు మోతాదు చాలకుండా పోతుంది. కణం తన పని లోపం లేకుండానే చేసింది. రోగికి మాత్రం అది కీడు. మేలూ కీడూ జాలానికి లేవు; వాటిని అనుభవించే చేతనం ఉన్నచోటే ఉన్నాయి.