ఓర్చుకోవలసిందేమిటి

భుజం నొప్పి పగలు ఎలాగో సర్దుకుంటుంది. రాత్రే దాని రాజ్యం. ఆ పక్కకు ఒత్తిగిల్లితే గుచ్చుతుంది, ఈ పక్కకు తిరిగితే చేయి బరువుకు లాగుతుంది, వెల్లకిలా పడుకుంటే లోపలెక్కడో సలుపు. తెల్లారాక మామూలుగా లేచి కాఫీ పెట్టుకోగలం కాబట్టి ఇంట్లోవాళ్ళకు కూడా దాని సంగతి పూర్తిగా తెలియదు. నాకు ముందు దూరమైనవి చిన్న చిన్న పనులు. జడ వేసుకోవడం, పమిట వెనక నుంచి ముందుకు లాక్కోవడం, పై అరలోని చింతపండు జాడీ దించుకోవడం.

ఎమ్మారై తీయిస్తే సుప్రాస్పినేటస్ అనే కండరాన్ని ఎముకకు కలిపే టెండన్, ఆ ఎముక దగ్గరే తెగిందని తేలింది. భుజం కీలును చుట్టూ పట్టి ఉంచే కండరాలు నాలుగు. వాటి టెండన్లన్నిటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ఎక్కువగా తెగేది పైన ఉండే ఈ సుప్రాస్పినేటస్‌దే. తుంటి కీలులో బంతిలాంటి ఎముక లోతైన గుంటలో కూర్చుంటుంది. భుజంలో ఆ గుంటకు లోతు బాగా తక్కువ. చేయి అన్ని దిక్కులకూ తిరిగేది అందుకే, కీలును నిలబెట్టే భారం ఈ కండరాల మీద పడేదీ అందుకే.

డాక్టరుగారు తొందరపెట్టలేదు. అరవై దాటినవాళ్ళలో ఇలా తెగి ఉన్నవాళ్ళు చాలామందేననీ, వాళ్ళలో ఎందరికో నొప్పే ఉండదనీ, ఫిజియోథెరపీతోనే కుదుటపడేవాళ్ళు తక్కువేం కాదనీ చెప్పారు. నెలల తరబడి ఆ వ్యాయామాలు చేశాను. చేయి లేవడం మరీ తగ్గిపోయాకే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. కానీ ఆయన మాటల్లో ఒకటి నన్ను వదల్లేదు. తెగి కూడా నొప్పి ఎరగనివాళ్ళు ఉన్నారంటే, తెగినదాన్ని కొలిచి నొప్పిని లెక్కకట్టడం కుదరదన్నమాట.

ఇది యుద్ధభూమిలో గమనించిన డాక్టరొకరున్నారు. హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు వైద్యుడు రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, ఇటలీలోని అంజియో దగ్గర పనిచేశాడు. తీవ్రంగా గాయపడి, స్పృహలోనే ఉన్న సైనికులను నొప్పికి మందు కావాలా అని అడిగితే నలుగురిలో ముగ్గురు అక్కర్లేదన్నారని 1946లో రాశాడు. అంతకన్నా చిన్న కోత పడిన మామూలు రోగులు మాత్రం మందు అడుగుతారు. సైనికుడికి ఆ గాయం అంటే చావు తప్పించుకుని బతికి ఇంటికి పోవడం. మామూలు మనిషికి ఆపరేషన్ అంటే నడుస్తున్న జీవితం ఆగిపోవడం. గాయం ఏమిటన్నదే కాదు, ఆ మనిషికి అది ఏమవుతుందన్నది కూడా నొప్పిలో కలిసి ఉంటుందని ఆయన అన్నాడు. ఈ సంగతి చెబితే కొందరు వెంటనే ‘అయితే అంతా మనసులోనే ఉందన్నమాట’ అనేస్తారు. నేను ఒప్పుకోను. నొప్పిని తయారుచేసేది మెదడే కావచ్చు, అంతమాత్రాన అది ఊహ అయిపోదు. చూపును తయారుచేసేదీ మెదడే, కళ్ళముందున్న గోడ ఊహ అని ఎవరూ అనరు కదా.

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళు ఎక్కువగా చెప్పిన మాట ఓర్చుకోమని. ‘రెండు పురుళ్ళు పోసుకున్నావు, ఇదెంత వదినా’ అంది మా ఆడపడుచు, ప్రేమగానే. ఆ రాత్రి మా అమ్మ గుర్తొచ్చింది. మోకాళ్ళు వాచి ఉన్నా గోడ పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేది. ఊరంతా ఆమె ఓర్పుకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం పెట్టినవాళ్ళలో ఒక్కరికీ ఆమెను డాక్టరుకు చూపించాలని తోచలేదు. ఓర్పును పొగడటం ఎంత సులువో, పొగడ్త కింద మనిషి ఎలా నలిగిపోతుందో మా అమ్మను చూసి తెలుసుకున్నాను. అప్పుడు అడగలేకపోయిన ప్రశ్న ఇన్నేళ్ళకు నా భుజం అడిగించింది. తగ్గించే మందు ఉన్న నొప్పిని ఓర్చుకుంటే ఎవరికి మేలు?

ఓర్పుకు పెద్దపీట వేసిన ఈ నేలమీదే, బుద్ధుడి గురించి పాళీ సూత్రాలు దాచకుండా చెప్పిన సంగతి ఒకటుంది. వెన్ను నొప్పిగా ఉందని చెప్పి, మిగతా బోధ ఒకచోట ఆనందుడికి, మరోచోట సారిపుత్రుడికి అప్పగించి, పైవస్త్రాన్ని నాలుగు మడతలు వేసి పరుచుకుని, కుడి పక్కకు ఒరిగి పడుకుంటాడాయన. దుఃఖాన్ని అంత దూరం ఆలోచించినవాడు వెన్నునొప్పిని పంటి బిగువున దాచుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, నడుం వాల్చాడు. నాకు ఆయనమీద గౌరవం పెరిగిన చోటు ఇదే.

హైదరాబాదులో ఉంటూ మత్తుమందు తీసుకోబోయేవాళ్ళు ఒకసారి తలుచుకోవలసిన చరిత్ర కూడా ఉంది. 1888లోనూ 1889లోనూ ఈ నగరంలో క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు, రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫామ్ ఎక్కువైతే ముందు ఆగేది శ్వాసే, గుండె కాదు కాబట్టి శ్వాసను కనిపెట్టి ఉంటే చాలని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. క్లోరోఫామ్ నేరుగా గుండెనూ ఆపగలదని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రుజువైంది. కానీ ఆ పనిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు నిలిచింది. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి రోగులకు క్లోరోఫామ్ ఇచ్చిన ఈ పార్సీ మహిళను ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. ఆడవాళ్ళకు నొప్పి ఓర్చుకోవడమే ధర్మమని నూరిపోసిన రోజుల్లో, నొప్పి తీసేయడం ఒక ఆడమనిషి వృత్తి అయింది. ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళేముందు నేను ఆమెను తలుచుకున్నాను.

ఈ ఆపరేషన్ ఇప్పుడు ఎక్కువగా చిన్న చిన్న రంధ్రాల్లోంచే. కెమెరా దూర్చి, సెలైన్ పారిస్తూ, ఎముకలో యాంకర్లు దించి, వాటి దారాలతో టెండన్‌ను మళ్ళీ ఎముకకు కట్టేస్తారు. దానికి ముందు మెడ పక్కన అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ చేతికి వెళ్ళే నరాల దగ్గర మందు ఎక్కిస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. గొంతు బొంగురుపోవచ్చు, డయాఫ్రమ్‌కు వెళ్ళే నరం అక్కడి నుంచే పోతుంది కాబట్టి ఊపిరి నిండుగా అందనట్టు ఉండొచ్చు, కంగారుపడొద్దు అని మత్తు డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ రెండు వాక్యాలు నాకు సగం మందు. తెలియనిది ఒంట్లో జరిగితే భయం, చెప్పినది జరిగితే అది ఒక విషయం, అంతే.

బ్లాక్ దిగేవరకూ నొప్పి లేదు, చేయీ లేదు. దిగే వేళే అసలు పరీక్ష. నిద్రలో ఉండగా దిగితే నొప్పి ఒక్కసారిగా మీద పడుతుందని, వేళ్ళలో చిమచిమ మొదలవగానే మాత్ర పడిపోవాలని నర్సమ్మ మా అమ్మాయికి చెప్పి పంపింది. పడక కుర్చీలో సగం కూర్చుని సగం వాలి, మోచేతి కింద దిండు, కట్టు మీద తువ్వాలులో చుట్టిన ఐసు. అర్ధరాత్రి దాటాక బొటనవేలు కదిలింది. మాత్ర వేసుకున్నా నొప్పి రాకపోలేదు. భుజంలో మొదలై మోచేతి దాకా బరువుగా, వేడిగా దిగింది, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక పోటు. దాన్ని ఎదిరిస్తే మెడ బిగుసుకునేది, మెడ బిగుసుకుంటే పోటు పెరిగేది. ఊపిరి వదిలేటప్పుడు దవడ సడలించడం ఒక్కటే నా చేతిలో ఉన్న పని. సున్నా నుంచి పది దాకా ఎంతుందమ్మా అని అమ్మాయి అడిగితే ఎనిమిది అన్నాను. దాన్ని కాగితం మీద టైముతో సహా రాసుకుంది. నా మాట ఎవరో నమ్మి రాసుకున్నారు. ఆ రాత్రి నాకు మందుతో సమానంగా పనిచేసింది అదే. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం తన 1979 నాటి నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, నొప్పి ఎప్పుడూ ఆ మనిషి సొంత అనుభవమేననీ, ఉందని చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలనీ చేర్చింది. మా అమ్మ కాలానికి ఈ వాక్యం ఉండి ఉంటే బాగుండేది.

మాత్రల గురించి రెండు రకాల భయాలు విన్నాను. కిడ్నీలు పోతాయని అసలు వేసుకోనివాళ్ళు, తట్టుకోలేక గుప్పెడు మింగేవాళ్ళు. వాపు తగ్గించే మాత్రలు కిడ్నీ జబ్బు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్ళకు ప్రమాదమే, డాక్టరును అడగాల్సిందే. ట్రమడాల్‌తో తల తిరుగుడు, వాంతులు, మలబద్ధకం. అందుకే మా డాక్టరు పారాసెటమాల్‌ను పునాదిగా పెట్టి, నొప్పి వచ్చాక కాకుండా వేళకు వేసుకోమన్నారు. గట్టి మాత్రలు మొదటి కొద్ది రోజులకే. ముదిరిన నొప్పిని దించడానికి పట్టేంత మందు, ముదరకుండా ఆపడానికి పట్టదు.

ఇదంతా చెప్పుకున్నా, నన్ను ఆలోచనలో పడేసింది ఆ మొదటి రాత్రులు కావు, తర్వాత వచ్చిన ప్రశాంతమైన వారాలు. నొప్పి భరించలేనంతగా ఉన్నప్పుడు లోపల కుట్లు భేషుగ్గా ఉన్నాయి. నొప్పి తగ్గి, స్లింగ్ తీసి పారేసి పాలగిన్నె దించుదామనిపించినప్పుడు ఆ టెండన్ ఎముకకు ఇంకా సరిగా అతుక్కోలేదు. నాటు వేసిన మడి పచ్చగా తిరిగినా, నారు పట్టి లాగితే వేళ్ళతో సహా చేతికొచ్చే రోజులుంటాయి కదా, ఇదీ అంతే. సుమారు ఆరు వారాలు స్లింగ్, ఆ తర్వాతే సొంతంగా చేయి లేపడం, అతుకు గట్టిపడటానికి పన్నెండు వారాలు, బరువుల మాట ఆ తర్వాత. పూర్తి బలానికి ఆరునెలల నుంచి ఏడాది. ఈ మధ్యకాలంలో నొప్పి కాపలా కాయదు. పని చేసేసుకోవచ్చు అని ఒళ్ళే చెబుతుంది. ఓర్పు అవసరమైంది ఇక్కడ. పక్కింటావిడ సంచి అందిస్తుంటే చేయి చాపకుండా ఉండటం, మా ఆయన గిన్నెలు జారవిడుస్తూ తోముతుంటే లేచి వెళ్ళకుండా ఉండటం, తుమ్మొస్తే కుడిచేయి చటుక్కున లేవకుండా పట్టుకోవడం. ఇలాంటి ఓర్పుకు దణ్ణాలు ఎవరూ పెట్టరు, ఎందుకంటే చూసేవాళ్ళకు ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. ఆడమనిషి నొప్పితో పనిచేస్తే మెచ్చుకునే ఇల్లు, నొప్పి లేకుండా విశ్రాంతి తీసుకుంటే ఇబ్బందిపడుతుంది. మా ఇల్లూ మొదట్లో పడింది. డాక్టరుగారి కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాక సర్దుకుంది.

ఇప్పుడు గోడ మీద వేళ్ళతో పైకి పాకించే వ్యాయామం చేస్తున్నాను. మొన్న ఫిజియోథెరపీ గదిలో, వచ్చే వారం ఇదే ఆపరేషన్‌కు వెళ్ళే ఒకావిడ నా పక్కన కూర్చుని, ‘బాగా నొప్పిగా ఉంటుందా అక్కా?’ అని మెల్లిగా అడిగింది. ఉంటుందన్నాను. మొదటి రాత్రి అలారం పెట్టుకుని మాత్ర వేసుకోమన్నాను, నంబరు తగ్గించి చెప్పొద్దన్నాను. ముందు గుండీలున్న జాకెట్లు, నైటీలు రెండు మూడు ఇప్పుడే కుట్టించి పెట్టుకోమన్నాను. తొడుక్కునేటప్పుడు ఆపరేషన్ చేయి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆఖరున తీయాలి. నా సంచిలోని తువ్వాలుతో చేసి చూపించాను, ఆవిడ రెండుసార్లు చేసి నేర్చుకుంది.