వాక్యమునకు చోటున్నదా?

ధ్యానభాగము: యోహాను 8:31–37



నేడు మన పల్లెలలో కూలిపనికి పోవువారి చేతిలోను స్మార్ట్‌ఫోను కనబడుచున్నది. తెలుగు బైబిలును చదువుటకును వినుటకును యాప్‌లు ఉచితముగా దొరుకుచున్నవి. అయితే బైబిలు యాప్‌ను ఎక్కించబోగా, తగినంత స్థలము లేదని ఫోను చెప్పుట మనలో అనేకులము చూచియున్నాము.

ఆ స్థలమంతయు ఏమైనది? 32 జీబీల ఫోనులో దానిని నడిపించు వ్యవస్థయే కొంత భాగమును ముందుగా తీసికొనును. మిగిలినదానిని నింపినవి ఎక్కువగా మనము కోరి తెచ్చుకొన్నవి కావు. వాట్సాప్ గ్రూపులలో ఎవరెవరో పంపిన శుభోదయపు బొమ్మలు, వీడియోలు అడుగకయే వచ్చి చేరినవి. ఒక్కొక్కటి చిన్నదే, అన్నియు కలిసి చోటును మ్రింగివేసినవి.

కొందరు మెమరీ కార్డు వేసి సరిపెట్టుదురు. ఫొటోలు దానిలోనికి పోవును గాని, అనేక యాప్‌లు ఫోను లోపలి చోటునే కోరును. వెలుపల ఎంత చేర్చినను లోపల ఖాళీచేయక తప్పదు. మరికొందరు ఫొటోలను తీసివేసితిమందురు. అయితే అనేక ఫోనులలో అవి చెత్తబుట్టలో 30 దినములవరకు నిలిచి, ఆ చోటునే ఆక్రమించుకొనియుండును. బుట్టను ఖాళీచేసినప్పుడే స్థలము దొరకును.

ప్రభువు తన్ను నమ్మిన యూదులతో మాటలాడుచు, తన మాట వారి హృదయములలో నిలుచుటకు స్థలమే లేదని చెప్పెను. వారు అబ్రాహాము సంతానమని అతిశయించిరి. ఆ పేరు వెలుపల ఉన్నది గాని లోపల చోటు లేకపోయెను. మనమును బాప్తిస్మము పొందితిమి, ఆదివారము తప్పక గుడికి వచ్చుచున్నాము. అయినను ప్రభువు బల్లయొద్ద అన్నదమ్ములను క్షమించితిమని చెప్పి, పొలముగట్టు తగాదాను మనస్సు మూలను దాచుకొనుచున్నామా? అది చెత్తబుట్టలోని ఫొటోవంటిదే. కంటికి కనబడదు గాని చోటు విడువదు.

కన్నవారి ఫొటోలను తుడిచివేయుమని మేము చెప్పుటలేదు. ప్రేమించి దాచుకొన్నవి వేరు, అడుగక చేరినవి వేరు. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండ ఆపుకొనవచ్చును. అట్లే వీధిలో విన్న ప్రతి చాడీమాటను ఇంటికి తెచ్చుకొనక, వాకిటనే ఆపుకొందము. ఈ వారము మనతో మాటలు లేని ఒక్క ఇంటికైనను వెళ్లి, సమాధానపడుదము. ఆ ఖాళీచేసిన చోట ప్రతిదినము ఒక అధ్యాయమును నింపుకొందము.

ప్రభువా, మేము దాచుకొన్నదానిని నీవే తీసివేసి, నీ మాటకు మాలో చోటు చేయుము. ఆమేన్.