నాయనకు రావలసిన పతకం

మాది ఓర్వకల్లు దగ్గరి తండా. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద ఓర్వకల్లులో రాతి గుట్టలు కనబడతాయి, విమానాశ్రయం కనబడుతుంది. 2021 మార్చి 25న ఆ విమానాశ్రయాన్ని ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన్ను కుంపిణీ దొరలు 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. ఉరికీ బోర్డు మీద పేరుకీ నడుమ 174 ఏళ్లు గడిచాయి. ఆయన వెంట బోయలు, చెంచులు కూడా నడిచారని పెద్దలు చెబుతారు. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

చనిపోయిన మనిషికి గౌరవం ఇస్తే అది ఎవరికి చేరుతుంది? అడిగి తెచ్చుకున్నది గౌరవమేనా? ఈ ప్రశ్నలు మాకు పుస్తకంలో ఎదురుపడలేదు, మా ఇంట్లోనే పుట్టాయి. మేము ముగ్గురం. అక్క, తమ్ముడు, నడుమ పిల్లలకు పాఠాలు చెప్పుకునే నేను. ముగ్గురం కలిసి ఆలోచించిన సంగతి కాబట్టి 'మేము' అనే రాస్తున్నాం.

మా నాయన 1968లో సైన్యంలో చేరాడు. ఆయన పని తుపాకీ కాల్చడం కాదు. రోడ్లు వేసే, పెట్టెలు మోసే, గోతులు తవ్వే దళం. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దులో ఉన్నాడు. యుద్ధం గురించి అడిగితే రెండే మాటలు చెప్పేవాడు. అక్కడి ఇసుక మన హంద్రి ఇసుక లాంటిది కాదని, రాత్రి చలికి పెట్టె మోసిన చేతివేళ్లు విప్పుకునేవి కావని. మిగిలిందంతా గొర్రెల గురించీ, వాన గురించీ.

ఆయన పోయాక యాడికి ఫించను మార్పించాలని ట్రంకు పెట్టె తెరిచాం. డిశ్చార్జి పుస్తకం, ఒక ఫోటో, బూడిద రంగు కంబళి దొరికాయి. ఆ పుస్తకం పట్టుకుని కర్నూలు పోతే అక్కడ కూర్చున్న ఒక మాజీ హవల్దారు పేజీలు తిప్పి చూశాడు. "మీ నాయనకు రెండు మెడళ్లు రాసి ఉన్నాయి కదయ్యా, తెచ్చుకోలేదా?" అన్నాడు. పతకాల గడిలో సిరాతో రెండు పేర్లు ఉన్నాయి. పెట్టెలో మాత్రం ఒక్కటీ లేదు. ఆ పేజీని మేము చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశామో. ఇంగ్లీషు చదవడం వచ్చాక కూడా చూశాం. చూడటమే కానీ చదవలేదు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద వాదన జరిగింది. యాడి ఒకటే మాట అంది: "మీ నాయన బతికినన్నాళ్లూ అడగల్యా. ఆయప్ప అడగనిది మీరెందుకు అడిగేది?" తమ్ముడి మాట వేరు. "అడిగేదేదో గట్టిగానే అడుగుదాం. గుండ్ల నడుమ గాయపడినోళ్లను మోసుకొచ్చినాడని రాద్దాం. చక్రం వస్తే డబ్బులొస్తాయి, భూమి కూడా ఇస్తారంట. చూసినోళ్లు ఎవరున్నారు ఇప్పుడు?" అక్క ఏమీ అనలేదు. పుస్తకం మూసి కంబళి మీద పెట్టింది.

ఈ రెండు మాటలకూ జవాబు వెతకడానికి మాకు చాలా నెలలు పట్టింది.

ముందు పతకాలంటే ఏమిటో తెలుసుకున్నాం. సైన్యంలో పతకాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, ఫలానా కాలంలో, ఫలానా చోట సేవలో ఉన్నందుకు అర్హులందరికీ ఇచ్చేది. 1971 యుద్ధానికి సంగ్రామ్ మెడల్, తూర్పున ఉన్నవారికి పూర్వీ స్టార్, పడమట ఉన్నవారికి పశ్చిమీ స్టార్ అలాంటివి. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం కూడా అలాంటిదే. వీటి వెంట డబ్బు రాదు. అంచు మీద నంబరు, పేరు చెక్కి ఇస్తారు. రెండోది శౌర్య పతకం. అది ఒకడు చేసిన పనిని పక్కవాళ్లు చూసి, పై అధికారి రాసి పంపితే వచ్చేది. కొడుకు దరఖాస్తుతో వచ్చేది కాదు.

1971 డిసెంబరులో గంగాసాగర్ దగ్గర శత్రువుల మిషన్ గన్నులను నోరు మూయించి ప్రాణం విడిచిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా మన ఆదివాసీ బిడ్డ, జార్ఖండ్ ప్రాంతపు ఉరావ్. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. ఆయన చేసిన పనిని కళ్లారా చూసినవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చింది.

ఈ తేడా తెలిశాక మాకు సగం దారి కనబడింది. మొదటి రకం పతకం బాకీ లాంటిది. మనిషి పోయినంత మాత్రాన బాకీ పోదు. పత్తి అమ్మిన రైతు డబ్బు చేతికి రాకముందే పోతే, ఆ డబ్బు అడగడానికి పిల్లలు సిగ్గుపడరు. దాన్ని ఎవరూ భిక్షం అనరు. రెండో రకం బాకీ కాదు, సాక్ష్యం. మనం చూడని దానికి మనం సాక్ష్యం చెప్పకూడదు.

యాడి మాటకు జవాబు అంత సులభంగా దొరకలేదు. ఆయన అడగలేదు, నిజమే. కానీ ఎందుకు అడగలేదు? వద్దనుకుని అడగకపోవడం ఒకటి, అడగవచ్చని తెలియక అడగకపోవడం ఇంకొకటి. తనకు రావలసింది ఇదీ అని తెలిసి వదులుకుంటే దాన్ని త్యాగం అనొచ్చు. తెలియక పోగొట్టుకున్నదాన్ని త్యాగమని పొగిడితే, పోగొట్టినవాళ్లకు మనమే సాయం చేసినట్టు. మన జాతుల మౌనాన్ని మంచితనమని, నెమ్మదితనమని బయటివాళ్లు చాలాకాలంగా మెచ్చుకుంటూ వచ్చారు. నాయన మౌనంలో ఎంత ఇష్టం ఉందో, ఎంత చదువులేమి ఉందో మేము ఇప్పుడు తేల్చలేం. తేల్చలేనప్పుడు బాకీని రాబట్టి పెట్టెలో పెట్టడమే సరైన పని అనుకున్నాం.

ఈ బాకీ మా ఒక్క ఇంటిది కూడా కాదు. 1791, 92ల్లో కారన్‌వాలిస్ దొర టిప్పు మీదికి పోయినప్పుడు ఆయన సైన్యానికి ఎద్దుల మీద ధాన్యం మోసింది బంజారాలు, అంటే మా సుగాలీల పూర్వీకులు. ఆ తర్వాత వచ్చిన నేరజాతుల చట్టం కింద ఆ జాతినే దొంగల జాబితాలో రాశారు. ఆ చట్టం పోయేసరికి 1952 అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో ఛోటానాగపూర్ నుంచి సంతాలులు, ముండాలు, ఉరావ్‌లు, ఈశాన్యం నుంచి నాగాలు, లుషాయిలు కూలి దళాలుగా ఫ్రాన్సు దాకా వెళ్లారు. యుద్ధం అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం ఒకే యుద్ధ పతకాన్ని రెండు లోహాల్లో పోసింది. సిపాయికి వెండి, కూలి దళంవాడికి కంచు. బొమ్మ ఒకటే, రాజు తల ఒకటే. మోసినవాడి పనికి విలువ తక్కువని లోహంతోనే చెప్పారు. నాయన కూడా మోసినవాడే. కాకపోతే స్వతంత్ర భారత సైన్యంలో సంగ్రామ్ మెడల్ తుపాకీ పట్టినవాడికీ పెట్టె మోసినవాడికీ ఒకే లోహం. అది తెలిసినప్పుడు మాకు నిజంగా సంతోషం కలిగింది. ఆ సంతోషం కోసమైనా దాన్ని తెచ్చుకోవాలనిపించింది.

అమెరికాలో ఇలాంటి కథ ఒకటి ఉంది. వుడ్రో విల్సన్ కీబల్ అక్కడి డకోటా ఆదివాసీ. రెండో ప్రపంచ యుద్ధంలో, మళ్లీ కొరియా యుద్ధంలో పోరాడాడు. 1951 అక్టోబరులో, ఒంటి నిండా గాయాలతో ఉండి కూడా, కొండ మీది శత్రు స్థావరాలను ఒక్కడే పడగొట్టాడు. తోటి సైనికులు ఆయనకు అత్యున్నత పతకం ఇవ్వాలని సంతకాలు చేసి పంపారు. ఆ కాగితాలు ఎక్కడో పోయాయి. ఆయన 1982లో చనిపోయాడు. కుటుంబమూ, ఆయన తెగవాళ్లూ వెంటబడ్డారు. కాలపరిమితి దాటిందంటే ఆ అడ్డును చట్టంతోనే తొలగించుకున్నారు. చివరకు 2008 మార్చి 3న అధ్యక్షుడి చేతుల మీదుగా ఆయన సవతి కొడుకు ఆ పతకం అందుకున్నాడు. ఆయన భార్య అంతకు ముందు ఏడాదే పోయింది.

తమ్ముడు ఈ కథ విని "చూసినారా, పట్టుబడితే పెద్ద పతకమే వచ్చింది" అన్నాడు. అప్పుడు అక్క నోరు తెరిచింది. "వాళ్లు కొత్తగా ఏమీ రాయలేదు రా. చూసినోళ్లు రాసిన మాటనే మళ్లీ వెతికించినారు. మన నాయన గురించి ఎవరు రాసినారు? మనం రాస్తే ఆ చక్రం ఇంకొకని మీద వేసుకున్నట్టు ఉంటాది, నాయన మీద కాదు." తమ్ముడు కొంచెంసేపు ఊరుకుని, "ఆ ఇంకొకడు నాయన కన్నా గొప్పోడా?" అని అడిగాడు. ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నే జవాబని తర్వాత అర్థమైంది. లేని శౌర్యాన్ని అంటగట్టామంటే, ఉన్న నాయన మనకు చాలలేదని ఒప్పుకున్నట్టే. చలికి బిగిసిన వేళ్లతో పెట్టెలు మోసిన మనిషి చిన్నవాడా? ఆ పెట్టెలు అందకపోతే ముందు నిలబడ్డవాడు దేనితో పోరాడాలి?

తమ్ముడి ఆశను కూడా మేము తప్పు పట్టలేం. మూడేళ్లు వరసగా పంట పోయినవాడికి భూమి వస్తుందంటే ఆశ పుడుతుంది. పేదరికం అబద్ధాన్ని ఎంత దగ్గరికి తెస్తుందో ఆ రాత్రి మా ఇంట్లోనే చూశాం. మా బడి పిల్లలకు సత్యం గురించి చెప్పేటప్పుడు ఇప్పుడు కొంచెం నెమ్మదిగా చెబుతున్నాం.

చివరకు దరఖాస్తులో పుస్తకంలో ఉన్న రెండు పతకాల పేర్లే రాశాం. ఒక్క మాట ఎక్కువ రాయలేదు. పంపిన నాలుగు నెలలకు తిరిగి వచ్చింది. పేరు కలవలేదట. మా పేర్ల చివర 'నాయక్' ఉంటుంది. సైన్యంలో నాయక్ అంటే ఒక హోదా. నాయన చేరిన రోజు రాసుకున్న గుమాస్తా, సిపాయి పేరులో నాయక్ ఏమిటని కొట్టేసినట్టున్నాడు. రేషన్ కార్డులో, మరణ పత్రంలో నాయక్ ఉంది. సైన్యం పుస్తకంలో లేదు. ఇద్దరూ ఒకడేనని అఫిడవిట్ రాయించి, తండా పెద్దల సంతకాలు పెట్టించి, మళ్లీ పంపాం. ఏడాది దాటింది. ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతాం.

మన రాయలసీమ ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు ఉంటాయి. పశువుల కోసమో, ఊరి కోసమో పోరాడి పోయినవాడికి ఊరే రాయి చెక్కించి నిలబెట్టింది. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, చూసిన ఊరు మరిచిపోలేదు, అంతే. ప్రభుత్వం ఇచ్చే పతకం రావచ్చు, రాకపోవచ్చు. చూసినవాళ్లు చెప్పింది రాసిపెట్టడం మన చేతిలో పని. మేము నాయన చెప్పిన ఆ రెండు మాటలూ, యాడికి గుర్తున్నవీ ఒక నోటుబుక్కులో రాశాం. మొత్తం పదకొండు పేజీలే అయ్యాయి. ఇరవై ఏళ్ల ముందే మొదలుపెట్టి ఉంటే నోటుబుక్కు నిండేది.

అందుకే మన యువకులకూ, తోటి టీచర్లకూ ఒక మాట. మీ తండాలో, గూడెంలో, పెంటలో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు ఉంటే ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చోండి. డిశ్చార్జి పుస్తకంలో సర్వీసు నంబరు, దళం పేరు, పతకాల గడి చూసి రాసుకోండి. పుస్తకంలో పేరూ ఆధార్‌లో పేరూ ఒకటిగా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఆ మనిషి బతికుండగానే సరిచేయించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో చెబుతారు. ఆ పెద్దాయన "నాకొద్దు" అంటే ఆ మాటకు విలువ ఇవ్వండి. కానీ అది తెలిసి అన్న మాటేనా అని ఒకసారి అడగండి.

యాడి ఇప్పుడు వద్దనడం లేదు. పోస్టుమ్యాన్ వచ్చినప్పుడల్లా మాకంటే ముందు ఆమే వాకిట్లోకి వస్తోంది. ట్రంకు పెట్టెలో కంబళిని ఒక పక్కకు మడిచి కొంచెం చోటు చేసి పెట్టింది.