గడువు లేని గద్దె

నియంత అనే మాటను మనం ఈమధ్య మరీ చవగ్గా వాడేస్తున్నాం. ఒక నాయకుడు మూడోసారి గెలిస్తే చాలు, ఓడినవాళ్ళ నోటి నుంచి ఆ మాట ఊడిపడుతుంది. అమెరికాలోలాగా రెండుసార్లకు మించి ఒకే మనిషి గద్దె ఎక్కరాదని మన రాజ్యాంగంలోనూ రాసి ఉంటే ఈ బెడద ఉండేది కాదని చదువుకున్నవాళ్ళు కూడా అంటూంటారు. పదవికి గడువు లేనంత మాత్రాన అందులో కూర్చున్నవాడు నియంత అయిపోతాడా?

తమాషా ఏమిటంటే, 'డిక్టేటర్' అనే మాట పుట్టిన రోములో ఆయన గడువున్న ఉద్యోగి. యుద్ధమో అంతఃకలహమో వచ్చినప్పుడు సర్వాధికారాలూ ఒకడి చేతిలో పెట్టేవారు. ఆరు నెలలు దాటకూడదు. పని ముందే తెమిలితే ముందే దిగిపోవాలి. జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో ఆ పదవిని యావజ్జీవం చేసుకున్నాడు. ఆ మార్చిలోనే కత్తిపోట్లకు బలయ్యాడు. సర్వాధికారానికి భయపడని రోమన్లు, దానికి గడువు చెరిపేసినప్పుడు భయపడ్డారన్నమాట.

దీన్ని బట్టి గడువే మందు అనుకుంటే మెక్సికో అడ్డం వస్తుంది. అక్కడ అధ్యక్షుడికి ఆరేళ్ళు, ఒక్కసారే. ఆ నియమాన్ని నిష్ఠగా పాటించారు కూడా. అయినా 1929 నుంచి 2000 దాకా అధికారం ఒకే పార్టీ గుప్పిట్లో ఉంది. దిగిపోయేవాడు తన తరవాతివాణ్ణి వేలు పెట్టి చూపించేవాడు. రష్యాలో 2008లో పుతిన్ గారు గడువు ముగిసిందని అధ్యక్ష పదవి వదిలి ప్రధాని కుర్చీలో కూర్చున్నారు. 2012లో మళ్ళీ పాత కుర్చీకి వచ్చారు. 2020లో రాజ్యాంగాన్నే సవరించి ఆయన పాత లెక్క చెరిపేశారు.

అటువైపు రూజ్‌వెల్ట్‌ను చూడండి. 1932 నుంచి 1944 దాకా నాలుగుసార్లు గెలిచాడు. కాని ఆయన చట్టాలను సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టులో జడ్జీల సంఖ్య పెంచబోతే, 1937లో తన పార్టీకే ఆధిక్యం ఉన్న సెనేట్ ఆ బిల్లును అటకెక్కించింది. సొంతవాళ్ళు కాదనగలిగిన మనిషిని నియంత అనడం నాకు సబబుగా తోచదు. అమెరికా వారు రెండుసార్ల నియమం రాజ్యాంగంలో చేర్చుకున్నది ఆయన పోయాక, 1951లో.

కాబట్టి ఎన్నాళ్ళున్నాడు అన్నది కాదు నా ప్రశ్న. దిగిపోయే తలుపు తాళం ఎవరి దగ్గరుంది? ఇందిరా గాంధీ 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి పెట్టేనాటికి ప్రధాని అయి పదేళ్ళు కూడా నిండలేదు. ఆమె తండ్రి అంతకు దాదాపు రెట్టింపు కాలం పాలించి వెళ్ళాడు. అయితే 1976లో జరగవలసిన ఎన్నికలను వాయిదా వేసి, లోక్‌సభ ఆయుష్షును ఆ సభ చేతనే పొడిగించినప్పుడు, తాళం లోపలివాళ్ళ చేతికి పోయింది. 1977 మార్చిలో ఎన్నికలు జరిపి ఓడి దిగిపోవడం కూడా ఆమె ఖాతాలోనే రాయాలి.

ఇక మన రాజ్యాంగం గడువు ఎందుకు పెట్టలేదంటే, 1948 నవంబరులో అంబేద్కర్ చెప్పిన కారణం ఉంది. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, మన పద్ధతిలో జవాబుదారీ ఎక్కువ అన్నాడాయన. మంత్రివర్గం ఐదేళ్ళకోసారే కాదు, ప్రశ్నల ద్వారా, అవిశ్వాస తీర్మానాల ద్వారా ప్రతిరోజూ సభకు లెక్క చెప్పుకోవాలి. రోజూ లెక్క చూసే చోట గడువెందుకన్న వాదం గట్టిదే. కాని 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఈ లెక్కను తారుమారు చేసింది. పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వం ఊడిపోతుంది. ఆ చట్టం అవసరమై వచ్చిందే, కాదనను. అయినా నాయకుణ్ణి రోజూ నిలదీయవలసిన ఎమ్మెల్యే, ఆ నాయకుడి చీటీ చూసి చెయ్యెత్తుతున్నాడు. కనీసం రాష్ట్రాల్లో ముఖ్యమంత్రులకు గడువు పెట్టాలన్న వాదానికి అప్పటినుంచి బలం వచ్చిందని నా అభిప్రాయం.

బ్యాంకులో పనిచేసేవాడికి ఈ అనుమానం కొంత వృత్తిరీత్యా అబ్బుతుంది. స్ట్రాంగ్‌రూమ్‌కు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. మూడేళ్ళు తిరిగేసరికి బదిలీ. ముఖ్యమైన సీట్లలో ఉన్నవాళ్ళకు ఏటా తప్పనిసరి సెలవు. ఏళ్ళ తరబడి ఒక్కరోజు సెలవు పెట్టని గుమాస్తాను చూసి ఖాతాదారులు మెచ్చుకుంటారు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాడు మాత్రం ముందుగా అతని లెడ్జరే తెరుస్తాడు. అతను దొంగ అని కాదు. అతను లేని రోజున ఆ పుస్తకం మరో కంటపడాలి, అంతే. 2021లో రిజర్వు బ్యాంకు ప్రైవేటు బ్యాంకుల అధినేతలకు 15 ఏళ్ళ హద్దు పెట్టింది కూడా వాళ్ళు తప్పు చేశారని కాదు.

నెహ్రూకు ఈ సంగతి బాగా తెలుసు. 1937లో 'చాణక్య' పేరుతో మోడరన్ రివ్యూలో ఒక వ్యాసం వచ్చింది. జవహర్‌లాల్‌లో నియంత అయ్యే లక్షణాలున్నాయి, మళ్ళీ కాంగ్రెసు అధ్యక్షుణ్ణి చేయవద్దని దాని సారాంశం. రాసింది ఆయనే! అలా రాసిన మనిషే ఆ తరవాత 1964లో పోయేదాకా దాదాపు 17 ఏళ్ళు ప్రధానిగా ఉన్నాడు. అన్ని ఎన్నికలూ ఎదుర్కొన్నాడు, 1963లో అవిశ్వాస తీర్మానానికి సభలో నిలబడి జవాబిచ్చాడు. నియంత కాలేదు. అయినా 'నెహ్రూ తరవాత ఎవరు' అని దేశమంతా బెంగపడేలా చేసి వెళ్ళాడు.

మా ఒడిశా సంగతి మరీ దగ్గరిది. నవీన్ పట్నాయక్ 2000 మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు. వరసగా ఐదు ఎన్నికలు గెలిచారు. మా బరంపురంలో ఓటు హక్కు వచ్చిన పిల్లలు మరో ముఖ్యమంత్రిని ఎరగరు. 2024 జూన్ 4న లెక్క తేలింది. 147 స్థానాల్లో ఆయన పార్టీకి 51. ఆయన స్వయంగా కాంటాబంజిలో ఓడి, మా పొరుగున ఉన్న హింజిలిలో నెగ్గారు. మర్నాడే రాజీనామా ఇచ్చారు. గొడవ లేదు, గోల లేదు. 24 ఏళ్ళ ఏలుబడికి నియంతృత్వమన్న పేరు ఆ ఒక్క రోజుతో చెల్లకుండా పోయింది. ఆ 24 ఏళ్ళలో ఆయన పక్కన రెండో మనిషి ఎందుకు ఎదగలేదన్నది మాత్రం ఆయన పార్టీ వాళ్ళు తేల్చుకోవలసిన లెక్క.

పరాయి రాష్ట్రాల్లో ఉన్న మన తెలుగు సంఘాల్లో ఇరవయ్యేళ్ళుగా ఒకరే కార్యదర్శిగా ఉన్నవి ఎన్నో. వాళ్ళను నియంతలనడం అన్యాయం. చందాలు వసూలు చేసేది, ఉగాదికి హాలు మాట్లాడేది, తెలుగు బడి మూతపడకుండా అధికారుల చుట్టూ తిరిగేది వాళ్ళే. రెండుసార్ల నియమం పెడితే మూడో ఏడు సంఘమే ఉండదని వాళ్ళంటారు, అందులో నిజముంది. అయితే ఆ కార్యదర్శి ఒక ఏడాది పక్కకు తప్పుకుంటే చందా పుస్తకం, బడి కాగితాలు ఎక్కడున్నాయో చెప్పగల మరో మనిషి ఉన్నాడా? మీ ఊళ్ళో ఉంటే ఆయన వయసెంతో కూడా చూడండి.